ట్రెందఫీల అవ్వ చిల్లునాణెం

కదిలేది ఏది కనిపించినా దానికి ఎర్రదారంతో చిల్లునాణెం కట్టేయడం ట్రెందఫీల అవ్వకున్న జబ్బు. తన మెడలో ఒకటి ఎప్పుడూ ఉండేది. మేకకు కట్టింది. దాన్యూబ్ నదిమీద చేపల పడవలకు కట్టింది. బస్సు అద్దానికి కట్టిన మరుసటి నెల బస్సే రావడం మానేసింది.

"నీ నాణెం మహిమే అవ్వా!" అన్నాను.

"బస్సు క్షేమంగానే ఉందిగా? ఆపింది మంత్రిరా. ఆయన మెడ నాకు అందలేదు."

మా ఊళ్లో బడి మూసినప్పుడు ఒక్క అధికారీ తొంగిచూడలేదు. కొండవార వందల ఏళ్లనాటి శ్మశానం బయటపడగానే జీపులు దిగాయి. బతికున్నవాళ్లకంటే ఎముకలకే పలుకుబడి. నేను తవ్వకం కూలీగా, అవ్వ వంటమనిషిగా చేరాం. ఏడాదంతా మేకతో మాట్లాడే మనిషికి ఆ వేసవి పండగే. తవ్వకాల పెద్ద డాక్టర్ లాజరోవ్ టోపీకి కూడా నాణెం వేలాడింది.

"ఇది శాస్త్రీయమైన పని, అవ్వా!"

"అయితే ఇంకా జాగ్రత్త కావాలి నాయనా. బానిత్సా రొట్టె తిను, చల్లారిపోతుంది."

ఒకరోజు పసిపిల్ల సమాధి బయటపడింది. మెడ ఎముకల దగ్గర చిల్లున్న రాగినాణెం. దిష్టి తగలకుండా తల్లి కట్టి ఉంటుందన్నాడు లాజరోవ్. దాన్ని పొట్లం కట్టి మ్యూజియానికి పంపేశాడు.

మర్నాడు అదే చోట ఇంకో నాణెం! లాజరోవ్ మోకాళ్లమీద పడి, కుంచెతో మట్టి తుడిచి, భూతద్దం పెట్టాడు. మొహం జేవురించింది. దానిమీద ఉన్నది ఆయన తాతల నాటి రాజుగారి బొమ్మ.

"అవ్వా! రేపటినుంచి మీరు రావద్దు!"

అవ్వ గరిటె కింద పెట్టింది. "రానులే. ఆ పిల్ల కాపలా నాణెం నువ్వు పట్టుకుపోయావు. ఇప్పుడు దాన్నీ పెట్టెలో పెట్టి పట్నం పంపుతావట. అంత పసిది ఒంటరిగా ఎలా పోతుంది నాయనా?"

అప్పుడు చూశాం, అవ్వ మెడ బోసిగా ఉంది. సమాధిలో పెట్టిన నాణెం, చిన్నప్పుడు వాళ్లమ్మ తనకు కట్టినదే.

లాజరోవ్ ఆ నాణేన్ని కుంచెతో దులిపి అవ్వ చేతిలో పెట్టాడు. "సమాధిలో వద్దు. పెట్టెకి కట్టండి," అన్నాడు. తర్వాత, "రేపు వంటేమిటి?" అన్నాడు.

వేసవి అయిపోయింది. జీపులు బయల్దేరేముందు లాజరోవ్ అవ్వ మెడలో ఎర్రదారం కట్టాడు. నాణేనికి చిల్లు తానే పెట్టాడట.

"వంకరగా పెట్టావు! ఇదేం పనితనం?"

జీపులు మలుపు తిరిగేదాకా అవ్వ తిడుతూనే ఉంది. పిడికిట్లోంచి నాణెం మాత్రం వదల్లేదు. ఆ తర్వాత ఇంటికెళ్లి, మేకకు చూపించింది.