ముగ్గురు హనుమండ్లు

నవనీత రాసిన ప్రోగ్రాం చాలా చిన్నది. సిరిసిల్లలో ఇంటి ముందు గదిలో మరమగ్గాలు చెవులకు చిల్లులు పడేలా మోగుతుంటే వెనక గదిలో కూర్చొని రాసింది. బోలెడు పేర్లు ఇస్తే, పోలిక ఉన్నవాటిని ఒక గుంపుగా చేర్చిపెట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ అది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టింది. కరీంనగర్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే ఆ పిల్ల, కంపెనీ పని కాకుండా తనకోసం రాసుకున్నది అదొక్కటే.

తనకోసం అంటే తండ్రి కోసం. ఆయన పేరు నడిపి కొమురెల్లి. ఆ వైపు ఇళ్లలో మొక్కిన దేవుడి పేరే కొడుకులందరికీ పెట్టి, ముందు పెద్ద, నడిపి, చిన్న అని తగిలించి సరిపెడతారు. ఇంట్లో దానితో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఆఫీసుల్లోనే. ఒక కాగితంలో ‘నడిపి’ ఉంటుంది, ఇంకో కాగితంలో ఎగిరిపోతుంది. పింఛను కోసం కొమురెల్లి చెప్పులు అరిగేలా తిరిగాడు. ఈ కాగితంలో ఉన్నది నువ్వు కాదని మొహం మీదే చెప్పారు. ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా మగ్గం ముందు కూర్చునేవాడు. మనిషిని ఎదురుగా పెట్టుకొని నువ్వు నువ్వు కాదనడానికి నోరెలా వస్తుందో మరి.

నవనీతకు ఒళ్లు మండింది. పేరు ముందుండే పెద్ద, నడిపి, చిన్న లాంటి మాటలను పక్కనపెట్టి మిగతా పేరునే పోల్చాలని తన లైబ్రరీలో ఒక నియమం పెట్టింది. తండ్రి పేర్లన్నీ ఒక్క గుంపులో పడ్డాయి. ఆయన్ని పిలిచి చూపించింది.

“ఇప్పుడు నేను ఒక్కన్నేనా బిడ్డా?” అని కొమురెల్లి నవ్వాడు.

జగిత్యాలలో పరశురాములు అనే రిటైరైన టీచరు ఒక సహాయ కేంద్రం నడుపుతున్నాడు. గల్ఫ్‌కు పోయి జాడ తెలియకుండా పోయినవాళ్లను వెతికించడం దాని పని. ఒక్క మనిషి కోసం భార్య, తమ్ముడు, ఊరి సర్పంచ్ తలా ఒకసారి ఫోన్ చేస్తారు. అవన్నీ ఒక్కటేనని తేల్చుకోలేక సార్ తల పట్టుకుంటున్నాడని తెలిసి, నవనీత తన లైబ్రరీని అక్కడి కంప్యూటర్‌లో పెట్టి ఇచ్చింది.

“గుంపులైనంక మల్ల మేము చూసుకునుడు అవసరమా అమ్మా?” అని ఆయన అడిగాడు.

“అవసరం లేదు సార్, ఫికర్ చేయకుండ్రి.”

అంత ధీమా ఆ వయసులోనే ఉంటుంది. చూసుకోండి సార్ అని ఉంటే ఆమె సొమ్మేం పోయేది?

కథలాపూర్ వైపు ఊళ్లో ఉండే పోశవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కుకొని ముగ్గురు కొడుకులను కన్నది. ముగ్గురికీ హనుమండ్లు పేరే పెట్టింది. ముగ్గురూ గల్ఫ్‌కే పోయారు. పెద్ద హనుమండ్లు అక్కడ జబ్బుపడితే ఈ కేంద్రమే ఇంటికి రప్పించింది. ఆయన పేరుకు ఎదురుగా ‘ఇల్లు చేరిండు’ అని పడింది. తర్వాత కొన్నాళ్లకు చిన్న హనుమండ్లు ఫోన్ మూగబోయింది. వేరే దేశంలో పనిచేసే నడిపోడికీ తమ్ముడి సంగతి తెలియలేదు. పోశవ్వ బస్సెక్కి వచ్చి వాడి పేరు రాయించింది. ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే, ఊరు ఒకటే. పాస్‌పోర్టు కాగితం కొడుకు వెంటే పోయింది, నంబరు చూసి వేరు చేద్దామన్నా వీల్లేదు. కంప్యూటర్ వాణ్ని అన్న పక్కనే చేర్చి, ఇల్లు చేరాడని తేల్చేసింది.

పోశవ్వ మళ్లీ వచ్చింది. కంప్యూటర్‌లో కొడుకు వచ్చినట్టే ఉందని కేంద్రంలో పనిచేసే పిల్లలు చెప్పారు.

“వచ్చింది పెద్దోడు బిడ్డా. నేనడిగేది చిన్నోన్ని.”

పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. ఆమె ఎదుటే మళ్లీ రాశారు. రాసిందల్లా పోయి అదే గుంపులో పడింది. ముసలామెకు మతి తప్పిందేమో అనుకున్నారు. ఆమె మాత్రం వస్తూనే ఉంది. ఎవరైనా పలకరిస్తారేమోనని బెంచీ మీద పొద్దంతా కూర్చొని, చివరి బస్సుకు పోయేది. చివరకు పెద్దకొడుకును రెక్క పట్టుకొని తెచ్చి పరశురాములు ముందు నిలబెట్టింది.

“గీడు వచ్చినోడు సారూ. రానోడేడి?”

సార్ ఫోన్ చేయగానే నవనీతకు సంగతి అర్థమైంది. ఆ నియమం తీసేయడానికి ఎంతోసేపు పట్టలేదు. చిన్న హనుమండ్లు విడిగా బయటపడ్డాడు, కొమురెల్లి మళ్లీ ఇద్దరు మనుషులయ్యాడు. కేంద్రం వాళ్లు ఆ రోజే గల్ఫ్‌లో తెలిసినవాళ్లకు వివరాలు పంపారు.

జవాబు తొందరగానే వచ్చింది. చిన్న హనుమండ్లు పనిచేసే చోటే కుప్పకూలి చచ్చిపోయాడు. అడిగేవాళ్లు ఉంటే పంపుదామని ఆస్పత్రి శవాల గదిలో చాలా రోజులు ఉంచారు. ఎవరూ అడగలేదు. అక్కడే పూడ్చిపెట్టారు.

కబురు అందిన మర్నాడు నవనీత, పరశురాములు కలిసి పోశవ్వ ఇంటికి పోయారు. సార్ తన తప్పేనని చెప్పబోతే నవనీత ఆపింది.

“అవ్వా, తప్పు నాది. పెద్ద, చిన్న అనే మాటలు తీసి చూడుమని కంప్యూటర్‌కు నేనే చెప్పిన. అది నీ ఇద్దరు కొడుకులను ఒక్కన్నే అనుకున్నది.”

గోడకు ఆనుకొని కూర్చున్న పెద్ద హనుమండ్లు తల ఎత్తలేదు. “నేను రాకుంటే తమ్మున్ని దేవులాడేటోళ్లు గద సారూ” అన్నాడు. పరశురాములు కళ్లు తుడుచుకున్నాడు.

తిడితే పడదామని నవనీత గుండె రాయి చేసుకొని వచ్చింది. పోశవ్వ తిట్టలేదు.

“ఆడు ఆ గదిల పండుకున్నన్ని దినాలు నేను మీ ఆఫీసుల్నే కూసున్న గద బిడ్డా. నీ కొడుకు వచ్చిండు, ఇంటికి పో అవ్వా అన్నరు. నేను పోయిన.”