ఆక్లాండ్‌లో రెండో రాహువు

శ్రీపతిగారికి ముహూర్తం లేకుండా తుమ్ము కూడా రాదు. ఈ మాట అన్నది ఊళ్ళోవాళ్ళు కాదు, ముప్ఫై ఏళ్ళుగా ఆయనతో కాపురం చేస్తున్న సావిత్రిగారు. చెత్తడబ్బా రోడ్డు మీదికి లాగాలన్నా, కారు టైర్లకి గాలి కొట్టించాలన్నా, పెరట్లో గడ్డి కోయాలన్నా ఆయన ముందు పంచాంగం తియ్యాల్సిందే. తుమ్ముల సంగతి ఆవిడ కొంచెం పెంచి చెప్పారేమో గానీ, గడ్డి సంగతి మాత్రం నిజం. మంచి వారం దొరక్క ఒక ఏడాది వాళ్ళ పెరట్లో గడ్డి మోకాళ్ళ దాకా పెరిగితే, పక్కింటి తెల్లాయన ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమోనని పలకరించి మరీ వెళ్ళాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన పంచాంగం రాజమండ్రిది, ఆయన ఇల్లు న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ దక్షిణాన పాపటోయిటోయిలో. రెండింటికీ మధ్య చలికాలంలో ఆరున్నర గంటలు, వేసవిలో ఏడున్నర గంటలు తేడా. రాహుకాలం ఏ ఊరి సూర్యోదయాన్ని బట్టి ఆ ఊరికి ఉంటుందనీ, సోమవారం పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిది అంటే ఎక్కడున్నా దాదాపు అంతేననీ గుళ్ళో పంతులుగారు ఎంతో ఓపికగా చెప్పి చూశారు. శ్రీపతిగారు వింటేగా. రాహువు ఒక్కడే, ఆకాశం ఒక్కటే, రాజమండ్రిలో ఏడున్నరకి పట్టినవాడు ఇక్కడా ఆ క్షణానే పట్టాలి, అంటే మధ్యాహ్నం రెండింటికి అన్నది ఆయన లెక్క. పైగా ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో కంపెనీలో ఆయన చేసే ఉద్యోగమే, ఏ దేశంలో లేచిన విమానం ఇక్కడి గడియారంలో ఎన్నింటికి దిగుతుందో చూడడం. గంటల మార్పిడిలో ఆయనకి పాఠం చెప్పేవాడు ఇంకా పుట్టలేదు.

దాంతో సౌత్ ఆక్లాండ్ తెలుగువాళ్ళకి ఇద్దరు రాహువులు తయారయ్యారు. సోమవారం పొద్దున్న పంతులుగారి రాహువు, మధ్యాహ్నం శ్రీపతిగారి రాహువు. భయస్తులు ఇద్దరికీ దణ్ణం పెట్టి రెండుపూటలా ఇంట్లోనే కూర్చునేవారు. సెప్టెంబరు చివర్లో, వేసవి వస్తోందని, దేశమంతా గడియారాలు గంట ముందుకి జరుపుకుంటే, శ్రీపతిగారి రాహువు కూడా బుద్ధిగా గంట జరిగేవాడు. మీ రాహువు ఇక్కడి గవర్నమెంటు మాట బాగానే వింటున్నాడండీ అని సావిత్రిగారు దెప్పేవారు.

టకానినిలో ఉండే కావ్యశ్రీకి ఇదంతా చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఆరేళ్ళప్పుడు ఈ దేశం వచ్చిన పిల్ల, బయోమెడికల్ సైన్స్ డిగ్రీ చేసింది. ఆమె తల్లి గిరిజగారు శ్రీపతిగారిని అన్నయ్యగారూ అని పిలుస్తుంది, ఆ పిలుపుకి తగ్గట్టే ప్రతిదానికీ ఆయనకి ఫోన్ చేస్తుంది. వాళ్ళ టకానిని ఇంటి వేలానికి కూడా ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళారు. పాట జోరుగా సాగుతోంది. గిరిజగారు చెయ్యెత్తబోతే శ్రీపతిగారు పట్టుకుని ఆపేశారు. దుర్ముహూర్తం పోవడానికి ఇంకా రెండు నిమిషాలుంది. సుత్తి పడబోతుంటే ఆయనే లేచి, వేలం వేసే తెల్లాయన్ని రెండు నిమిషాలు ఆగమని మర్యాదగా అడిగారు. బ్యాంకుతో మాట్లాడుకోవాలి కాబోలనుకుని ఆ మహానుభావుడు నిజంగానే ఆగాడు. ఆ రెండు నిమిషాల్లో అవతలి పార్టీలో మొగుడూ పెళ్ళాలు కిచెన్ గురించి కీచులాడుకుని పాట మానేశారు. ఆ పూటతో గిరిజగారి దృష్టిలో శ్రీపతిగారు దేవుడైపోయారు.

కావ్యశ్రీ మాత్రం నవ్వేది. తనూ ఒకసారి ఆయనతో ట్రైన్‌కి బయల్దేరింది. ట్రైన్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, వర్జ్యం వదలడానికి ఇంకా మూడు నిమిషాలు ఉందని ఆయన ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయారు. తలుపులు మూసుకున్నాయి. తర్వాతి ట్రైన్‌లో కిటికీ పక్క సీటు దొరికితే, చూశావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశారు. ఆ పిల్ల ఆ రోజు లెక్చరుకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది.

అలాంటి పిల్ల 2017 జులైలో తనంతట తానే ఆయన ఇంటికి వెళ్ళాల్సొచ్చింది.

సంగతేమిటంటే, కావ్యశ్రీకి డాక్టరు కావాలని కోరిక. డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక తన యూనివర్సిటీలోనే మెడిసిన్‌కి ఒకసారి అప్లై చేసింది, రాలేదు. డిగ్రీ పూర్తయింది కాబట్టి ఆ యూనివర్సిటీలో ఇంకొక్కసారి ప్రయత్నించొచ్చు. అదీ పోతే ఆ తలుపు మూసుకున్నట్టే. మార్కుల్లో 'ఏ' గ్రేడ్ల మధ్య రెండు 'బీ'లు పంటికింద రాళ్ళలా ఉన్నాయి. యూమ్యాట్ అనే ప్రవేశపరీక్షలో పోయినసారి వచ్చిన స్కోరు గట్టుకీ నీటికీ మధ్య ఉంది. ఇంటర్వ్యూ మాట తలుచుకుంటేనే భయం. పైగా తండ్రి శ్రీనివాసులుగారు గోదాములో బరువెత్తబోయి నడుం పట్టేసి ఎనిమిది నెలలుగా మంచం మీదున్నారు. మనురేవాలో ముసలివాళ్ళని చూసుకునే హోములో ఆ పిల్ల పొద్దున్న షిఫ్టు, వారాంతాల్లో రెండేసి షిఫ్టులు చేస్తోంది.

అప్లై చేసేది ఈ ఏడాదా, వచ్చే ఏడాదా? శుభస్య శీఘ్రం, ఈ ఏడాదే అని గిరిజగారు. నిదానమే ప్రధానం అని శ్రీనివాసులుగారు మంచం మీంచి గొణిగారు గానీ ఆ ఇంట్లో ఆయన మాట ఎప్పుడు చెల్లింది గనక. ఒక ఏడాది ఖాళీగా ఉంటే పిల్లకి చదువు మీంచి మనసు మళ్ళిపోతుందని గిరిజగారి భయం. ఆగుతానని చెబితే అమ్మ తనని పిరికిదనుకుంటుందని కావ్యశ్రీ భయం. నాలుగు రోజులు వాదించుకుని, చివరికి అన్నయ్యగారు ఏం చెబితే అదే అని గిరిజగారు తీర్మానించింది. గడువు ఇంకా వారం ఉంది.

కావ్యశ్రీ షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చింది. ఎదురుగా కూర్చుని ఉన్నమాట చెప్పేసింది.

"అంకుల్, నాకు వీటి మీద నమ్మకం లేదు. మమ్మీకి ఉంది. సో, మీరు ఏదో ఒకటి చెప్పేస్తే నేను వెళ్ళి పడుకుంటాను."

శ్రీపతిగారు ఏమాత్రం నొచ్చుకోలేదు. నక్షత్రం అడిగారు, రోహిణి అంది. పొద్దున్న ఎన్నింటికి లేచావన్నారు, అయిదింటికి అంది. ఏం తిన్నావన్నారు, గుర్తులేదంది. ఇంటర్వ్యూలో ఎవరైనా నువ్వెందుకు డాక్టరవ్వాలనుకుంటున్నావని అడిగితే ఏం చెబుతావన్నారు. ఆ పిల్ల నోరు తెరిచి, మళ్ళీ మూసి, ఇవన్నీ పంచాంగంలో ఉంటాయా అని విసుక్కుంది. ఉంటాయమ్మా, చివరి పేజీల్లో ఉంటాయి అని ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. సావిత్రిగారు టీ తెచ్చేసరికి కావ్యశ్రీ సోఫాలో ఒరిగి గురకపెడుతోంది.

మెలకువ వచ్చేసరికి ఒంటి మీద దుప్పటి ఉంది, గిరిజగారు వచ్చి ఉంది, తీర్పు అయిపోయింది. ఆషాఢమైతే అయింది, చదువుకి దాంతో పట్టింపు లేదు కదా అని గిరిజగారు బతిమాలుతోంది. శ్రీపతిగారు తల అడ్డంగా ఊపుతున్నారు.

"ఆషాఢం కాదమ్మా, శుక్ర మూఢం. గడువు దాటాక గానీ వదలదు. ఉన్నది ఒక్క అవకాశం, దాన్ని మూఢంలో పెడతానంటే నేను ఒప్పుకోను. వచ్చే ఏడాది దివ్యంగా ఉంది."

మూఢం అనేసరికి గిరిజగారు ఇంక నోరెత్తలేదు. కావ్యశ్రీకి ఆ క్షణంలో ఏడుపొచ్చినంత పనైంది. అది బాధతో కాదు, గుండెల మీంచి ఎవరో బండరాయి తీసినట్టయింది. ఆ రోజు ఇంటికెళ్ళి మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.

ఆ ఏడాది బాగానే గడిచింది. శ్రీనివాసులుగారు లేచి తిరిగి, తేలికపాటి పనిలో చేరారు. కావ్యశ్రీ షిఫ్టులు తగ్గించుకుంది. హోములో ముసలివాళ్ళ పక్కన తీరిగ్గా కూర్చుని, వాళ్ళు చెప్పిన కథే పదోసారి చెబుతున్నా వినడం అలవాటు చేసుకుంది. పేపర్లు ముందేసుకుని యూమ్యాట్‌కి చదివింది. మార్చిలో ఒక ఆదివారం పనేమీ లేక ఫోన్‌లో పాత తిథులు వెతికింది. సైన్సు చదివిన పిల్ల, ఆధారం చూడకుండా ఎన్నాళ్ళుంటుంది? పోయిన జులైలో శుక్ర మూఢం లేదు. గురు మూఢం లేదు. అసలు ఏ మూఢమూ లేదు. ఆ సంగతి తల్లికి చెప్పలేదు, చెబితే అన్నయ్యగారి దేవుడి హోదా ఊడిపోతుంది. కావ్యశ్రీ తనలో తానే ఆశ్చర్యపోయి ఊరుకుంది.

2018 జులైలో గడువు ఒక సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకి పడింది. అప్లికేషన్ మొత్తం నింపేసి మూడు రోజులైంది. పంపాల్సిన బటన్ ఒక్కటే మిగిలింది. అది నొక్కడానికి చెయ్యి రావట్లేదు. ఇదే ఆఖరి అవకాశం. ఆ బీలు అలాగే ఉన్నాయి. ఇంకో ఏడాది ఆగి ఇంకేదైనా కోర్సు చేస్తే బలపడదా? గిరిజగారు బతిమాలింది, తిట్టింది, దేవుడి ముందు దీపం పెట్టింది. రెండు కావస్తుండగా కావ్యశ్రీ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని శ్రీపతిగారికి ఫోన్ చేసింది.

"అంకుల్, ఈసారి కూడా మూఢం ఉందని చెప్పండి. పోయినేడాది లేనిది ఉందని చెప్పారుగా. నేను చూశాను."

 అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. దొరికిపోయినందుకు సిగ్గుపడ్డారేమో, అనవసరంగా అన్నానేమోనని ఆ పిల్ల నొచ్చుకుంది.

రెండున్నరకి వాకిట్లో కారు ఆగింది. గిరిజగారు తలుపు తీసి కొయ్యబారిపోయింది. సోమవారం, మధ్యాహ్నం రెండున్నర, సాక్షాత్తూ శ్రీపతిగారి రాహుకాలం. పదిహేనేళ్ళలో ఆ వేళప్పుడు ఆయన కుర్చీలోంచి లేవడం ఎవరూ చూడలేదు. అలాంటిది ఆఫీసు బ్యాడ్జీ మెళ్ళో వేసుకునే, మోటార్‌వే మీద కారు తోలుకొచ్చారు. నుదుటి మీద చెమట, పెదాల మీద ఏదో స్తోత్రం.

"అన్నయ్యగారూ, రాహుకాలం కదండీ," అంది గిరిజగారు భయంగా.

"అది ఇండియాది. మనకేం సంబంధం?" అన్నారాయన చెప్పులు విడుస్తూ.

పదిహేనేళ్ళు పంతులుగారితో పోట్లాడి నిలబెట్టుకున్న రాహువుని ఆయన అలా గుమ్మంలోనే వదిలేసి వచ్చారు. నేరుగా కావ్యశ్రీ గదిలోకి వెళ్ళి, ల్యాప్‌టాప్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కావ్యశ్రీ అడగదల్చుకున్నది అడిగేసింది, అబద్ధమెందుకు చెప్పారని.

"పోయినేడాది మూఢం ఆకాశంలో లేదమ్మా, నీ మొహంలో ఉంది. అలిసిపోయావు, ఆగమంటే మీ అమ్మ వింటుందా? శుక్రుడు చెబితే వింది. ఇవాళ నీ మొహంలో ఉన్నది ఉత్త భయం. భయానికి పంచాంగంలో పట్టింపు లేదు."

"రాకపోతే, అంకుల్?"

"రాకపోతే ఏడుద్దాం. నేనూ వచ్చి ఏడుస్తాను. పంపకపోతే ఏడవడానికి కూడా ఏమీ ఉండదు. నువ్వెందుకు డాక్టరవ్వాలి?"

పోయినేడాది నోరు పెగలని ఆ ప్రశ్నకి ఈసారి కావ్యశ్రీ తడుముకోకుండా జవాబు చెప్పింది. హోములో ఉండే ఒక పెద్దావిడకి నొప్పి ఎక్కడుందో కనుక్కోవడానికి తనకి నాలుగు రోజులు పట్టిందనీ, ఎవరికీ చెప్పని సంగతి ఆవిడ తనకి చెప్పిందనీ, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక తన చేతులు కట్టేసినట్టయిందనీ చెప్పింది. ఆ చేతుల కట్లు విప్పుకోవాలంది. శ్రీపతిగారు ల్యాప్‌టాప్ ఆ పిల్ల వైపు జరిపారు. రెండూ యాభై రెండుకి బటన్ నొక్కింది. ఆయన మాత్రం కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నారు.

ఆయన నమ్మకం అబద్ధమని కావ్యశ్రీ ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. ఆ సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి తలస్నానం చేసి, రాహువుకి క్షమాపణగా మినుములు దానమిచ్చారని సావిత్రిగారు చెప్పారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. భార్గవ్ అనే కుర్రాడికి డ్రైవింగ్ టెస్టుకి గురువారం పదకొండూ పావు మంచిదని ఈయన చెప్పడం, ఆ వేళకి రోడ్లు ఖాళీగా ఉంటాయనీ, తన సెలవు కూడా ఆ రోజే కాబట్టి కారిచ్చి తోడు వెళ్ళొచ్చనీ అట. రవిచంద్ర అనే ఆయన రెండు షిఫ్టులు చేసి ఎనిమిది గంటల దూరంలోని వెల్లింగ్టన్‌కి కారేసుకుపోతానంటే, దక్షిణానికి శూల ఉందని ఒక రోజు ఆపారట. ముహూర్తాలన్నీ తనకి గట్టిగానూ, జనానికి మాత్రం మెత్తగానూ పెడతారమ్మా ఈయన అన్నారావిడ.

ఇంటర్వ్యూ అయింది. సంవత్సరం చివర్లో సీటు వచ్చినట్టు ఈమెయిల్ వచ్చింది. గిరిజగారు వీధంతా వినబడేలా ఏడ్చింది. కావ్యశ్రీ మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని పాపటోయిటోయి వెళ్ళేసరికి, శ్రీపతిగారు ఫోన్‌లో ఉన్నారు. అవతల మనురేవా విజయలక్ష్మిగారు. వాళ్ళమ్మాయి శ్రావ్యకి కూడా మెడిసినే కావాలట, వచ్చే జులైకే అప్లై చేయించాలట, మార్కులు కొంచెం అటూ ఇటూగా ఉన్నాయట, మంచిరోజు ఎప్పుడో చెప్పమంటున్నారు.

"ఉండండి, డాక్టరుగారు వచ్చారు, ఆవిడ చెబుతారు," అని ఆయన ఫోన్ కావ్యశ్రీ చేతిలో పెట్టి మైసూర్‌పాక్ డబ్బా తీసుకున్నారు.

కావ్యశ్రీ బిత్తరపోయింది. ఆయన వైపు చూసింది. ఆయన మైసూర్‌పాక్ ముక్క విరుస్తున్నారు.

"ఆంటీ, శ్రావ్య సరిగ్గా నిద్రపోతోందా?" అని అడిగింది.

అవతల విజయలక్ష్మిగారు చాలాసేపు చెప్పారు. పిల్ల పొద్దున్న కాలేజీ, సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో పని, మధ్యలో ట్యూషన్లు, ఈమధ్య అన్నం పళ్ళెం ముందు కూర్చుని ఊరికే ఏడుస్తోందట. వింటున్నకొద్దీ కావ్యశ్రీ మొహం మెత్తబడింది.

"అయితే వచ్చే జులైకి వద్దాంటీ. మూఢం ఉంది."

శ్రీపతిగారు నోట్లో ముక్కతోనే చెయ్యి ఊపుతూ, ఏ మూఢమో చెప్పు, పేరు చెప్పకపోతే నమ్మరు అని గుసగుసగా అందించారు.

"శుక్ర మూఢం, ఆంటీ," అంది కావ్యశ్రీ, ఏమాత్రం తడబడకుండా.