పుంగనూరు నేను, కుప్పం నేను, మధ్యలో ఫారం 16

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదాన్ని నాలుగింతలు చేసి చెప్పడం నా అలవాటు. నేను పది అంటే మా ఇంట్లో రెండున్నర అని లెక్కేసుకుంటారు. చదివేవారికీ అదే సూత్రం.

2018లో ఒక మామిడి గుజ్జు కంపెనీలో అకౌంట్స్ ఆఫీసర్‌గా చేరాను. కాపురం మదనపల్లెలో. కంపెనీకి పుంగనూరులో ఒక యూనిట్, కుప్పంలో ఒక యూనిట్. సోమ, మంగళ, బుధవారాలు పుంగనూరు కుర్చీ నాది. గురు, శుక్ర, శనివారాలు కుప్పం కుర్చీ కూడా నాదే. రెండు కుర్చీలు, రెండు రబ్బరు ముద్రలు. ఒక్కో ముద్ర రాగిముద్దంత ఉండేది. కొడితే బల్ల అవతలివాళ్ల టీ గ్లాసు తొణికేది.

2022 జూలైలో నాగరత్నమ్మ వచ్చింది. ఊరు సోమల, మా ల్యాబ్‌లో కెమిస్టు. అంతకుముందు ఏడాది ఏప్రిల్ నుంచి ఆరు నెలలు పుంగనూరులో, తరువాత ఆరు నెలలు కుప్పంలో పనిచేసింది. ఆమెకు ఫారం 16 అందలేదు. ఏడాదిలో ఇచ్చిన జీతం ఎంత, అందులో పట్టుకుని ప్రభుత్వానికి కట్టిన పన్ను ఎంత అని చూపిస్తూ యజమాని జూన్ నడిమికల్లా ఇవ్వాల్సిన పత్రం అది. దాని ఆధారంగా రిటర్ను వేస్తే, ఆ రసీదు చూసి బ్యాంకువాళ్లు ఇంటి లోను మంజూరు చేస్తారు. నెలాఖరులోగా రసీదు చూపకపోతే ఆమె అడ్వాన్సు ఇచ్చిన స్థలం వేరేవాళ్లకు పోతుంది.

అది సోమవారం. అంటే నేను పుంగనూరు అధికారిని.

"సంవత్సరం చివర్లో యాడ పనిచేసినావో ఆడ అడగల్ల. కుప్పానికి రాస్తాను" అన్నాను.

"కుప్పంలోనూ మీరే గదా సార్ ఉండేది?"

"ఈడ కూర్చున్నప్పుడు నేను పుంగనూరమ్మా."

ఉత్తరం రాశాను. 'కుప్పం అకౌంట్స్ ఆఫీసర్ గారికి, తగు చర్య నిమిత్తం.' ముద్ర కొట్టి, నకలు ఆమెకు ఇప్పించి, అసలు నా సంచిలోనే వేసుకుని గురువారం కుప్పం బస్సెక్కాను. అక్కడ దిగి, ఆ ఉత్తరం నాకు అందినట్టు సంతకం చేసి, చదివి, మండిపడ్డాను. పుంగనూరువాళ్లకు ఇంత నిర్లక్ష్యమా! మొదటి ఆరు నెలల వివరాలు పంపకుండా మేమెలా ఇస్తాం? ఘాటుగా జవాబు రాశాను. నకలు నాగరత్నమ్మకు. సోమవారం పుంగనూరులో ఆ ఘాటు చదివి మనసు నొచ్చుకున్నాను. ఇలా మూడు వారాలు సాగింది. ఫైలు గుర్రంకొండ కోటగోడంత మందమైంది.

నిబంధన చాలా చిన్నది. పన్ను పట్టే యూనిట్‌కు టాన్ అని సొంత నంబరు ఉంటుంది. రెండు టాన్‌లు కాబట్టి రెండు యూనిట్లూ తమ తమ ఆరు నెలలకు విడివిడిగా ఫారం ఇవ్వాలి. రెండు సంతకాలు, పది నిమిషాల పని. చేయవలసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఎవరూ చేయలేదు.

ఆ మూడో వారం శనివారం ఆమె కుప్పం వచ్చింది. పన్నెండు నెలల జీతం చీట్లు, బ్యాంకు పాసుబుక్కు, నెట్ సెంటర్లో తీయించిన 26ఏఎస్ తెచ్చింది. మన పాన్ మీద ఎవరెంత పన్ను కట్టారో పన్ను శాఖ చూపించే పట్టిక అది. రెండు యూనిట్లు కట్టిందీ అందులో ఉంది. తన చేత్తో వేసుకున్న లెక్క కాగితం కూడా ఉంది.

"ఇది సరిగ్గా ఉండాదేమో సూడండి సార్, సాలు. రిటర్ను నేనే వేసుకుంటా. ఆ ఇద్దరు సార్లకూ చెప్పి చెప్పి అలిసిపోయినా. మీరన్నా ఇంగో ఉత్తరం రాయొద్దండి."

అని నా ఉత్తరాల నకళ్లు బల్లమీద పరిచింది. ఆరు ఉత్తరాలు, ఆరింటి కిందా ఒకే సంతకం. నా ప్రతిష్ఠ పడిపోయినంత వేగంగా మదనపల్లె మార్కెట్లో టమోటా ధర కూడా పడిపోయి ఉండదు. "తప్పు నాదేమ్మా" అన్నాను. లెక్క చూశాను. వంక పెట్టడానికి ఒక్క అంకె దొరకలేదు. ఆ సాయంత్రమే రిటర్ను వేసింది. సోమవారం రసీదు బ్యాంకులో ఇచ్చింది. స్థలం దక్కింది. వారం తరువాత నేనిచ్చిన రెండు ఫారాలూ ఆమె లెక్కతో రూపాయి తేడా లేకుండా సరిపోయాయి.

నిరుడు నడుము నొప్పి పేరు చెప్పి ముందుగానే ఉద్యోగం విరమించాను. ఆ వ్యవహారం నేర్పింది ఇంతే: ఫారం 16 రాలేదని రిటర్ను ఆపనక్కరలేదు, జీతం చీట్లు, పాసుబుక్కు, 26ఏఎస్ ఉంటే చాలు. ఆఫీసు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకే ఆలస్యమవుతుంది.

ఇక కల్పన సంగతి. ఉత్తరాలు కల్పన అనుకుంటారేమో. కాదు, అవి ఇప్పటికీ ఫైల్లో ఉన్నాయి. నేను కల్పించింది "తప్పు నాదేమ్మా" అన్న మాట ఒక్కటే. ఆ రోజు నేను నిజంగా అన్నది, "కంప్యూటర్లో యాడో పొరపాటు జరిగిండాదమ్మా."

నాగరత్నమ్మ కాగితాలు సర్దుకుంటూ అడిగింది: "సంతకాలు గూడా అదే పెట్టిందా సార్?"