వాడింకా పసిబిడ్డ

పాలలో మిరియాల పొడి వేసి కాచే వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ పొద్దు ఎదురింట్లో ఎవరో కాస్తున్నారు. ఆ వాసన వెనకే రంగనాయకి గుర్తొస్తుంది, చంకలో నాలుగేళ్ల కొడుకు శీనుతో. ఈ తమిళ గడ్డ మీదే కారమడై ఊరి నుంచి మా పీలమేడుకు, మా పక్కింటికి కోడలుగా వచ్చిన పిల్ల. ఇప్పుడు ఈ లోకంలో లేదు. ఉన్నన్నాళ్లూ నన్ను విసిగించింది.

శీనుకు పుట్టినప్పటి నుంచీ వీజింగ్. చలిగాలి తగిలినా, దుమ్ము రేగినా ఊపిరి ఈల వేసేది. అందుకని వాడిని వీధిలోకి వదిలేది కాదు, అసలు నేల మీదకే దించేది కాదు. మిరియాల పాలు కాచి తాగించేది, అన్నం కలిపి నోట్లో పెట్టేది. ఎవరడిగినా ఒకటే మాట: "వాడింకా పసిబిడ్డక్కా. వానికేమీ తెలీదు." ఆ పసిబిడ్డ మా ఇంటి గొడవలన్నీ గోడ అవతల నుంచి విని, మధ్యాహ్నానికి నాకే తిరిగి అప్పజెప్పేవాడు. తల్లి మాత్రం అదేమీ చెవిన పెట్టేది కాదు.

బాల్వాడీలో చేర్చమని నేనే పోరి పోరి, వెంటబెట్టుకుని పోయాను. టీచరమ్మ తమిళంలో పేరు అడిగింది. ఇల్లు దాటని బిడ్డ, ఇంటి తెలుగు తప్ప ఎరగడు; నోరు మెదపలేదు. రంగనాయకి మొహం వెలిగింది. "అడుత్త వరుషం పాక్కలాం, టీచర్" అంది, వచ్చే ఏడు చూద్దామని. నాకు చిర్రెత్తింది.

"ఒరే శీనూ, ఆ గోడ మీద కాకి ఏం చేస్తా ఉందిరా?"

"అది కాకి కాదు పెద్దమ్మా, కుయిలు. నీకు కండ్లు కనపడవా?"

టీచరమ్మకు కుయిలు, అంటే కోయిల, అన్న మాటొక్కటే అర్థమైంది; నవ్వింది, చేర్చుకుంది.

దారిలో రంగనాయకి నా మీద విరుచుకుపడింది. "పెద్దోడైనాడని చూపించేసినారు గదా, సంతోషమా? పెద్దోడైతే పంపాల. పంపితే వాని గొంతు గుంట ఎవరు చూస్తారు?"

ఊపిరి అందకపోతే బిడ్డకు గొంతు కింద గుంట లోపలికి పోతుంది. ఆమె పగలంతా దాన్నే చూస్తూ ఉండేదని నాకు అంతవరకూ తట్టలేదు.

"వాని నోరు తెరిపించింది మీరు. మీరూ వచ్చి కూర్చోండి" అంది.

కూర్చున్నాను. పిల్లల వెనక గోడకు ఆనుకుని, మోకాళ్లు పట్టేస్తుంటే తిట్టుకుంటూ. వేరే పని లేక వాళ్ల పలకలు చూస్తూ చూస్తూ, బడి ఎరగని నేను తమిళ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. రంగనాయకి పలకల వైపే చూడలేదు. చూపంతా వాడి గొంతు మీదే.

ఒకరోజు పిల్లల ఆటలో దుమ్ము లేచింది. ఆమె లేచేలోగా శీను తానే తల్లి సంచి దగ్గరికి పోయి, పీల్చే మందు తీసి తల్లి చేతికిచ్చాడు. "అమ్మా, నాకు ఊపిరి పట్టుకుంటా ఉంది" అన్నాడు. టీచరమ్మ మెచ్చుకుంది. రంగనాయకి మొహం మాత్రం చేతిలోది ఎవరో లాక్కున్నట్టు అయింది. మరునాడు మందు సంచి టీచరమ్మకిచ్చి, బయట అరుగు మీద వీపు తిప్పి కూర్చుంది. లోపలికి రమ్మంటే, "చూస్తే మళ్లీ ఎత్తుకుంటానక్కా" అంది.

శీను పెరిగాడు, వీజింగ్ వాడితోపాటే పెరిగింది. ఎవరైనా తల్లి 'వాడింకా చిన్నవాడు' అంటే నాకు ఇప్పటికీ విసుగే. కానీ వయసు లెక్క చెప్పి వాదించడం మానేశాను. నీ భయమేమిటమ్మా అని అడుగుతాను. సగం మంది నన్ను తిట్టి పోతారు. తక్కినవాళ్లు చెప్పడానికి కూర్చుంటారు.