తెల్ల గోలీ పేరు అడగని ఇరవై ఆరు నెలలు

ముందు పోయినవి లెక్క చెబుతాను. ఎడమ చేతిలో రెండు వేళ్లు ఇక పూర్తిగా ముడుచుకోవు. కుడి మణికట్టు సగమే తిరుగుతుంది. వెన్నుపూస ఒకటి నలిగి రెండు సెంటీమీటర్ల ఎత్తు తగ్గాను. వైద్యం మొదలు కావలసిన రోజుకూ మొదలైన రోజుకూ మధ్య ఇరవై ఆరు నెలలు పోయాయి. ఇవన్నీ జబ్బు ఒక్కటే తీసుకుపోలేదు.

నేను తాండూరులో ఒక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో బండలు కొలిచి లెక్క రాస్తాను. ఐదో తరగతితో బడి మానేసినా చదరపు అడుగుల లెక్క చూసి చూసి నేర్చుకున్నాను. ఒక పొద్దున టేపు లాగబోతే వేళ్లు వంగలేదు. వాచి, బిగుసుకుపోయి ఉన్నాయి. పదకొండు దాటాక గానీ వదల్లేదు. మర్నాడూ అంతే, రెండు చేతులకూ ఒకేలా.

ఒళ్లునొప్పులకు మా యూనిట్‌లో అందరూ చేసేది ఒకటే. గేటు ఎదుట ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర 'సెట్టు' తెచ్చుకుంటారు. కాగితం పొట్లంలో మూడు గోలీలు: ఎర్రది, పసుపుది, చిన్న తెల్లది. అట్టలోంచి తీసి విడిగా కడతాడు కాబట్టి పేరు కనిపించదు. బండలు మోసేవాళ్లు చాయ్‌తో మింగి పనిలోకి దిగుతారు. నేనూ మింగాను. రెండో రోజుకే వేళ్లు తేలికయ్యాయి.

ఒకసారి అడిగాను. "ఈ తెల్లది ఏం గోలీ తమ్మీ?"

"బండల లెక్క చాలదా అక్కా, గోలీల లెక్క గూడ కావాల్నా నీకు? వాతం గోలీ. మింగి పనికి పో."

నవ్వి ఊరుకున్నాను. మూల విరిగిన బండకు పావు అడుగు కూడా వదలకుండా లెక్కలో కోసే దాన్ని, రోజూ నోట్లో వేసుకునే దాని పేరు మళ్లీ అడగలేదు. ఈ నష్టంలో నా వాటా అది.

కొన్నాళ్లకు ముఖం గుండ్రంగా ఉబ్బింది. "మస్తు కళొచ్చిందే నీకు," అని మా ఆయన మురిసిపోయాడు. తరవాత రోజుకు రెండు సెట్లు మింగినా నొప్పి ఆగలేదు. ఒకనాడు బకెట్ ఎత్తబోతే నడుములో ఏదో కలుక్కుమంది. అప్పుడు రైలెక్కి వికారాబాద్‌లో కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

రక్తపరీక్షలో యాంటీ సీసీపీ పాజిటివ్. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ పది లోపు ఉండాల్సింది నలభై ఎనిమిది. ఉదయపు కార్టిసాల్ బాగా తక్కువ.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్ అమ్మా," అంది డాక్టరమ్మ. "దెబ్బ తగిలితే ఇమ్యూన్ కణాలు సైటోకైన్స్ అనే సందేశాలు పంపుకుంటై. టీఎన్‌ఎఫ్, ఐఎల్ సిక్స్ వాపు తెప్పిస్తై. పని అయినంక ఐఎల్ టెన్ లాంటివి 'ఇగ చాలు' అంటై. మీ కీళ్లల్ల ఆ 'చాలు' సరిపోతలేదు. దెబ్బ లేకున్నా వాపు నడుస్తనే ఉంది, ఎముకను తింటుంది."

పొట్లం చూపించాను. ఆమె ముఖం మారింది.

"మీ వెన్ను, ముఖం, కార్టిసాల్ చూస్తే ఈ పొట్లంల స్టెరాయిడ్ ఉన్నట్టే. కిడ్నీల మీది గ్రంథులు కార్టిసాల్ తయారు చేస్తై. అది గూడ 'చాలు' అని చెప్పే సందేశమే. స్టెరాయిడ్ గూడ అసొంటిదే, అది గోలీలల్ల బయటినుంచి రోజూ వస్తుంటే గ్రంథులు పని మానుకుంటై. నొప్పి తగ్గినట్టే ఉంటది, లోపల కీలు పాడైతనే ఉంటది. పొట్లం బంద్ చేయుండ్రి. దాని బదులు ప్రెడ్నిసోలోన్ పది మిల్లీగ్రాములు రాస్తున్న, ఇదీ స్టెరాయిడే, మెల్లగ తగ్గిద్దాం. ఇది మాత్రం ఒక్కసారే ఆపొద్దు." అసలు జబ్బుకు వారానికి ఒక్కసారే వేసుకునే మెథోట్రెక్సేట్ రాసింది.

నేను విన్నది స్టెరాయిడ్ అన్న మాట ఒక్కటే. పగుళ్లున్న బండను మా యార్డులో మొత్తంగా పక్కన పడేస్తాం, కొంచెం కొంచెంగా తీసేయం. ఇదీ అంతే అనుకున్నాను. పొట్లాలతో పాటు డాక్టరమ్మ రాసిన ప్రెడ్నిసోలోన్ అట్టను కూడా కోపంతో పాలిషింగ్ బురదగుంటలో పారేశాను.

మూడో రోజుకు వాంతులు. నిలబడలేకపోయాను. మా ఆయన ఆటోలో తాండూరు ఆస్పత్రికి చేర్చేసరికి బీపీ డెబ్బై బై నలభై. చీటీ చూసిన డ్యూటీ డాక్టర్, "స్టెరాయిడ్ ఎవరు ఆపమన్నరు?" అన్నాడు. హైడ్రోకార్టిసోన్ సూది పడ్డాక గానీ కళ్లు తెరవలేదు.

నడవగలిగిన రోజున ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను.

"నొప్పి తగ్గిందా లేదా, జెప్పు అక్కా," అన్నాడు.

"తగ్గింది తమ్మీ. కీలు పోతుంటే గూడ తెల్వనంత తగ్గింది."

"మరి గింత పరేషాన్ ఎందుకైతున్నవ్?" అని నా వెనక నిలబడ్డ ఆమెకు పొట్లం కట్టి ఇచ్చాడు. నేను చూస్తుండగానే ఆమె మింగింది.

ఇప్పుడు సీఆర్‌పీ ఆరు. ఆదివారం మెథోట్రెక్సేట్ వేసుకుంటాను. డాక్టరమ్మ చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష. పొద్దున బిగుతు పావుగంటలో వదులుతుంది. పనికి వెళ్తున్నాను, కానీ టేపు రెండో కొన ఇంకొకరు పట్టాలి.

చదివేవారికి నేను చెప్పేది ఒకటే. అట్టలేని గోలీ మింగకండి. ఇప్పటికే నెలల తరబడి మింగుతుంటే, నాలాగా కోపంలో ఒక్కరోజులో మానకండి. పొట్లం తీసుకుని నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రెడ్నిసోలోన్ పది నుంచి ఏడున్నరకు, ఏడున్నర నుంచి ఐదుకు, అక్కడి నుంచి ఇంకొంచెం దిగింది. రెండుసార్లు దిగబోయి వెనక్కి ఎక్కాల్సి వచ్చింది. గ్రంథులు ఇంకా పూర్తిగా లేవలేదు. నా ఒళ్లు తనంతట తాను చేసుకోవలసిన దాంట్లో ఈ రోజుకు ఇంకా బాకీ: రెండున్నర మిల్లీగ్రాములు.