నర్తకిని చూడవచ్చిన పెద్దసార్లు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను చొప్పదండిలో బడిపంతులమ్మను. సెలవుకు ఊరికి పోతే మా అవ్వ పెట్టె ముందేసుకుని కూర్చుంది. పాత పట్టుచీర, గజ్జెలు బయటికి తీసింది. ఎందుకని అడిగితే చిన్నపిల్లలా నవ్వింది.

"గుడి కావలాయన చెప్పిపోయిండు బిడ్డా. రేపు పట్నం నుంచి పెద్దసార్లు వస్తున్నరట, మన గుడి నర్తకిని చూడనీకి."

ఆ గుడిలో చిన్ననాటి నుంచి ఆడిన మనిషి మా అవ్వ. పోలీసు చర్య తర్వాత ఊరి పెద్దలు, ఇదంతా సిగ్గుమాలిన పని అని ఆట బందు పెట్టించారు. ఆటకని గుడి ఇచ్చిన మాన్యం భూమి గుంజుకున్నారు. అది పోయినందుకు అవ్వ పెద్దగా ఏడ్వలేదు. దేవుడి ముందు మళ్లీ ఒక్కసారి గజ్జె కట్టాలి, అంతే ఆమెకు కావలసింది. కాలం మళ్లీ మారిందేమోనని నేనూ సంబరపడి, మర్నాడు ఆమెకు జడ వేసి, పూలు పెట్టి గుడికి తీసుకుపోయాను.

జీపు దిగిన ప్రొఫెసరు మమ్మల్ని దాటుకుని తిన్నగా మండపంలోని స్తంభం దగ్గరికి పోయాడు. దాని మీద కాలెత్తి ఆడుతున్న ఆడమనిషి బొమ్మ ఉంది. ఆయన చూడవచ్చిన నర్తకి అది. అవ్వకు ఇంకా తెలియలేదు, చేతులు జోడించుకుని నిలబడే ఉంది.

ఆయన సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో అందుకున్నాడు. ఈమె దేవనర్తకి, పవిత్రురాలట. తర్వాత వచ్చిన ఆటకత్తెలు ఈ కళను భ్రష్టు పట్టించారట. నాకు ఒళ్లు మండిపోయింది. విందుల్లో మావాళ్లను ఆడించుకుని చూసిన తెల్లదొరలే, తర్వాత అది 'నాచ్', బజారు ఆట అని ఈసడించి పుస్తకాలు రాశారు. అవి చదివి మనవాళ్లు సిగ్గుపడటం నేర్చారు. రాయి అన్నం అడగదు, మాన్యం అడగదు, ఎవరి పేరూ బయటపెట్టదు. పవిత్రంగా ఉండక ఏం చేస్తుంది?

"ఏమంటుండు బిడ్డా?" అంది అవ్వ.

"నీ కోసం రాలే అవ్వా. గా బొమ్మను చూడనీకి వచ్చిన్రు."

అవ్వ చేతులు దించి బొమ్మ వైపు రెండడుగులు వేసింది. ఇంతలో కెమెరా బిగించారు. గుడి పెత్తనం చేసే పటేల్, ఒకప్పుడు అవ్వ ఆటకు ముందు వరసలో కుర్చీ వేయించుకున్న మనిషే, కసిరాడు. "ఏయ్, జర పక్కకు జరుగు. ఫొటోల పడుతున్నవ్."

అవ్వ జరగలేదు. పోయి ఆ స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"పడనియ్యి పటేలా. గామె, నేను ఒక్కింటోళ్లమే."

పటేల్ ఆమె రెక్క పట్టి గుంజాడు. అవ్వ తూలి స్తంభానికి కొట్టుకుని కింద పడింది.

"జాగ్రత్త! శిల్పం!" అని ప్రొఫెసరు కేకేశాడు.

పరుగున వచ్చి బొమ్మ వేళ్లు, ముక్కు తడిమి చూశాడు. అవ్వను నేనే లేపాను. మోచెయ్యి చీరుకుపోయి ఆ నెత్తురు రాతి పాదానికి అంటింది. ఆయన జేబురుమాలు తడిపి దాన్ని శుభ్రంగా తుడిచాడు. తర్వాత ఫొటో తీసుకున్నారు.