నల్లబెల్టు పరీక్షలో ఆగిపోయాను

శనివారం పొద్దున్న ఆరింటికి నైట్ షిఫ్టు దిగి, స్టీలు ప్లాంటు గేటు బయట టీ తాగి, ఇంటికెళ్ళకుండా తిన్నగా కరాటే సెమినార్‌కి బస్సెక్కీసాను. సంచిలో తెల్లడ్రెస్సు, గోధుమరంగు బెల్టు, మోకాలికి కట్టుకునే పట్టీ, రెండు అరటిపళ్ళు. యాభైనాలుగేళ్ళ క్రేన్ ఆపరేటర్ చెయ్యాల్సిన పనేనా ఇది? కాదు. నాకూ తెలుసు. కూర్మన్నపాలెంలో బస్సెక్కిన కాడ్నించి గాజువాక దాటేదాకా నిల్చునే కునుకు తీసాను. పక్కనున్నావిడ "బాబూ, మీద పడిపోతన్నావ్, సూసుకో" అని రెండుసార్లు మోచేత్తో పొడిచింది.

మా ఇంటావిడ ముందురోజే తిట్టాల్సినవన్నీ తిట్టీసింది. "తన్నులు తినడానికి సెలవెట్టుకుని ఎల్లే మనిషిని నిన్నే సూసాను. ఆదివారం చర్చి మానీసి ఆ ఎగురుళ్ళేటి? పాస్టరుగారు అడిగితే నానేటి సెప్పాల?"

"మోకాలు బాగోలేదని సెప్పు."

"మోకాలు బాగోలేకే కరాటేకి ఎల్లాడని సెప్తాను."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే మెత్తబడ్డాననుకుని ఇంక ఎల్లనివ్వదు.

ఇంత పట్టుదల దేనికంటే, నల్లబెల్టుకి. నలభై ఒకటో ఏట షుగర్ వచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక నాకు పరమ విసుగు. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో కరాటే నేర్పుతన్నారంటే అందులో చేరీసాను. చిన్నపిల్లల మధ్య తెల్లబెల్టు కట్టుకుని నిల్చుంటే హాలు కిటికీలోంచి మా డిపార్టుమెంటువాళ్ళు వచ్చి చూసి నవ్వి పోయేవారు. ఒక్కో రంగూ మార్చుకుంటూ గోధుమరంగు దాకా వచ్చి, అక్కడ ఇరుక్కుపోయాను. దాని తర్వాతదే నలుపు.

నల్లబెల్టు పరీక్ష పెట్టే చీఫ్ మాస్టారు మా ఊరికి రెండేళ్ళకోసారే వస్తారు. శనాదివారాలు సెమినార్ చెప్పి, చివర్న పరీక్ష పెట్టి ఎల్లిపోతారు. మొదటిసారి కటాలో, అంటే అడుగులూ దెబ్బలూ వరసతప్పకుండా ఒంటరిగా చేసి చూపించే పాఠంలో, ఎడమకి తిరగాల్సినోడిని కుడికి తిరిగీసాను. రెండోసారి పిక్క పట్టీసి కూలబడ్డాను. ఇది మూడోసారి. నాలుగోది లేదు. సీతమ్మధారలో ఎముకల డాక్టరు నా మోకాలి ఎక్స్‌రే లైటుకి ఎత్తి పట్టుకుని, "ఈ ఏడాది ఆపరేషన్ తప్పదు. ఆ తర్వాత కాలెత్తి తన్నడాలు మర్చిపోండి" అనీసాడు. "ఈ సెమినార్ అయిపోయాక మీ ఇష్టం సార్" అన్నాను. నల్లబెల్టు ఇప్పుడు రాకపోతే ఇంక రాదు. అదీ సంగతి.

సెమినార్ బీచిరోడ్డుకి దగ్గర్లో ఒక కల్యాణమండపంలో పెట్టారు. ముందురోజు పెళ్ళి జరిగినట్టుంది. ఊడ్చినా అక్షింతలు గచ్చు మీద ఇంకా అంటుకునే ఉన్నాయి, ఉత్తికాళ్ళకి గుచ్చుకున్నాయి. అందరం వరసల్లో నిల్చున్నాం. కరాటేలో వయసు చూడరు, బెల్టు చూస్తారు. ముందు వరసలో నల్లబెల్టు కట్టుకున్న కాలేజీ పిల్ల నా కూతురి కంటే చిన్నది. ఆ పిల్లకి నాను వంగి దణ్ణం పెట్టాలి, పెట్టాను. మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు వంగితే నడుం పట్టేస్తందేమోనన్న భయం తప్ప ఇంకేం లేదు. నా పక్కన బ్యాంకులో పనిచేసే కుర్రోడు. ముప్పై కూడా ఉండవు. వాడూ గోధుమరంగే, వాడిదీ ఈసారే పరీక్ష. "అంకుల్, నిద్రపోలేదా?" అని అడిగాడు. అంకుల్ అంటే నాకు ఒళ్ళు మండుద్ది గానీ, మండడానికి కూడా ఓపిక లేకపోయింది.

పొద్దుటంతా గుద్దులే. జపాను లెక్క పది దాకా వెళ్ళడం, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. వందలు అయిపోయాయి. చెమట కళ్ళలోకి కారిపోతంటే తుడుచుకోకూడదు, తుడుచుకుంటే ఇంకో ఇరవై. చీఫ్ మాస్టారు నాకంటే ఆరేళ్ళు చిన్న, పల్చటి మనిషి. గొంతు పెంచరు. ఒక్కొక్కరి ఎదర నిల్చుని, "చూపు ఎదుటి మనిషి కళ్ళ మీద. చూపు జారిందంటే ప్రాణం జారినట్టే" అనీవారు. నా దగ్గరకొచ్చి మాత్రం, "మీరు పక్కలకి చూస్తున్నారు" అన్నారు. "అలవాటు మాస్టారూ" అన్నాను. "మార్చుకోండి" అన్నారు.

మధ్యాహ్నం పులిహోర పొట్లం విప్పినట్టు గుర్తు. తిన్నట్టు గుర్తులేదు. గోడకి జారబడి నిద్రపోయానంట. లేచేసరికి ఆ బ్యాంకు కుర్రోడు నా పొట్లం మీద కాకి వాలకుండా తన చెప్పు చేత్తో పట్టుకుని కాపలా కాస్తన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి మోకాలికి ఐసు పెట్టుకుని పడుకుంటే మా ఇంటావిడ తిట్టకుండా ఇంకో గిన్నెడు ఐసు తెచ్చింది. దాంతోనే నా మొహం ఎలగుందో అర్థమయింది.

ఆదివారం పరీక్ష ఇసకలో. జాలరిపేట పడవలకి కొంచెం ఇవతల, తడి ఇసక గట్టిగా ఉన్న చోట గీత గీసి నలుచదరం చేసారు. ముందు కటా. ఈసారి ఎడమకే తిరిగాను. కాలు మండిపోతన్నా పళ్ళు బిగబట్టి పూర్తి చేసాను. చీఫ్ మాస్టారు తలూపారు. ఆ తలూపుడు చూసి బెల్టు వచ్చీసినట్టే అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంక మిగిలింది ఒక్క పోటీ. రెండు నిమిషాలు నిలబడి పోట్లాడితే చాలు, గెలవక్కర్లేదు. ఎదర బ్యాంకు కుర్రోడు. చీఫ్ మాస్టారు 'యామే' అంటే ఆపాలి, అప్పటిదాకా ఆపకూడదు. అదొక్కటే షరతు.

మొదలెట్టాం. వాడు జోరు మీదున్నాడు, నాను కాచుకుంటన్నాను. ఒక నిమిషం గడిచుంటాది. వాడి భుజం పక్కనుంచి నాకు ఒక పడవ కనబడింది. పదిమంది దాన్ని దుంగల మీద గట్టుకి తోస్తన్నారు, ఒక ముసిలాయన కింద దుంగలు సర్దుతన్నాడు. దాని ముందు సేపల తట్ట పెట్టుకున్న ఒకావిడ ఉన్నట్టుండి రెండు చేతులూ బార్లా చాపి, "ఆగండ్రా, ఆగండి! ముసిలోడి కాలు!" అని అరిచింది. పడవ తోసేవాళ్ళు ఆగిపోయారు.

నానూ ఆగిపోయాను.

చేతులు కిందికి దిగిపోయాయి. కాళ్ళు పాతేసినట్టు నిలబడిపోయాయి. మరుక్షణం కుర్రోడి కాలు నా పొట్టలో దిగింది. ఇసకలో వెల్లకిలా పడ్డాను. వాడు కంగారుపడిపోయి, "అంకుల్, అంకుల్, సారీ! మీరెందుకు ఆగారు?" అంటన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు మొదట ఊపిరి రాలేదు, వచ్చాక సిగ్గొచ్చింది.

ఎందుకాగానో నాకు తెలుసు. ఇరవైఎనిమిదేళ్ళుగా క్రేన్ క్యాబిన్లో కూచున్నాను. కింద మనుషులు తిరుగుతుంటారు, వాళ్ళ మధ్యనించి కరిగిన ఉక్కు నిండిన లేడిల్ అనే పెద్ద గంగాళం పట్టుకెళ్ళాలి. ఎత్తమనీ దించమనీ సిగ్నల్ మేన్ ఒక్కడే చెప్పాలి. కానీ ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు. ఇంజనీరైనా సరే, ఊడ్చేవాడైనా సరే, రెండు చేతులూ బార్లా చాపాడంటే ఆపీయాలి. ఎవడు వాడు, ఎందుకు చాపాడు అని ఆలోచించకూడదు. మా సీనియర్ నాకు మొదటివారం నేర్పింది అదొక్కటే. ఆలోచించే లోపల కింద మనిషి ఉండడు అన్నాడు. అందుకే నా చూపు ఎప్పుడూ నాలుగు పక్కలా ఉంటాది. చేతులు కనబడ్డాయంటే నా చేతులు వాటంతటవే ఆగిపోతాయి.

చీఫ్ మాస్టారికి అదే చెప్పాను. ఆయన నవ్వలేదు. నన్ను లేపి, వీపు మీద ఇసక దులిపారు.

"మీ కటా బాగుంది. ఒక్క తప్పుకి మిమ్మల్ని వెనక్కి పంపను. పది నిమిషాలు కూచోండి. మళ్ళీ ఆడండి. ఈసారి మావాళ్ళు చుట్టూ నిలబడి చేతులు చాపుతారు, ఆగమని అరుస్తారు. మీరు ఆగకూడదు. నా మాట తప్ప ఏదీ మిమ్మల్ని ఆపకూడదు. చేస్తారా?"

"చేస్తాను మాస్టారూ" అన్నాను. ఎందుకు చెయ్యను? పదమూడేళ్ళు.

మళ్ళీ నిలబడ్డాం. నల్లబెల్టువాళ్ళు నలుగురు నాలుగు మూలలా నిల్చున్నారు. మొదలవగానే ఆ కాలేజీ పిల్ల రెండు చేతులూ బార్లా చాపి, "ఆగండి!" అని అరిచింది. నా వొళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. దవడ బిగించి కుర్రోడి కళ్ళలోకే చూసాను. ఆగలేదు. రెండో మూల నించి ఇంకొకతను చాపాడు. చూసాను. ఆగలేదు. మూడోసారి చేతులు చాపితే చూడనే లేదు, ఆ సందులో కుర్రోడి ఛాతీ మీద శుభ్రంగా నా గుద్దు ఒకటి పడింది. "బాగుంది!" అన్నారు చీఫ్ మాస్టారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

నాకు మాత్రం చెమట చల్లబడిపోయింది. ఇంత సులువా? ఇరవైఎనిమిదేళ్ళది మూడు అరుపుల్లో పోయిందా? భయమేసింది. ఆపరేషన్ తప్పదన్న డాక్టరుకి కూడా అంత భయపడలేదు. ఇంకా అరనిమిషం ఉంది. నానే వెనక్కి అడుగేసి, చేతులు దించీసి, వంగి దణ్ణం పెట్టాను.

"ఏమయింది? దెబ్బ తగిలిందా?" అన్నారు చీఫ్ మాస్టారు.

"లేదు మాస్టారూ. ఇది నాకు నేర్పకండి. రేపు పొద్దున్నే నాకు డ్యూటీ, క్రేనెక్కాలి."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్నూ, చేతులు ఇంకా చాపే ఉంచిన ఆ పిల్లనీ చూసారు. "పూర్తి చెయ్యకపోతే నేను ఇవ్వలేను" అన్నారు మెల్లిగా. "తెలుసు మాస్టారూ" అన్నాను. ఆ పిల్ల చేతులు దించీసింది.

గొప్పపని చేసానని నాకేం అనిపించలేదు. కడుపు మండిపోయింది. నా మీద, మోకాలి మీద, ఆ తట్ట పెట్టుకున్న తల్లి మీద కూడా. ముసిలాయన కాలు దుంగ కింద పడకుండా బతికిపోయాడు, మంచిదే. కానీ ఇంకొక్క నిమిషం ఆగి అరవకూడదేటి అనిపించింది. అంత పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది నాకు.

బ్యాంకు కుర్రోడు పాసయ్యాడు. మా దగ్గర ఒక పద్ధతుంది. కొత్త నల్లబెల్టుని ఎవరికి వాళ్ళు కట్టుకోరు. పోటీలో ఎవరితో పోట్లాడారో ఆ మనిషే కట్టాలి. చీఫ్ మాస్టారు బెల్టు వాడి చేతుల్లో పెట్టారు. వాడు అది తీసుకుని నా ముందుకొచ్చి తలొంచుకుని నిల్చున్నాడు. "వేరే వాళ్ళని కట్టమంటాలే అంకుల్" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలాగ.

"నోరుముయ్. ఇటివ్వు" అన్నాను.

ఇసకలో మోకాలు మోపి కూచున్నాను. నొప్పికి ప్రాణం పోయినట్టయింది. వాడి నడుం చుట్టూ రెండుసార్లు తిప్పి, కొసలు సమానంగా చూసుకుని ముడేసాను. కొత్త బెల్టు అట్టలాగ ఉంటాది, ముడి నిలవదు. జారిపోయింది. విప్పి మళ్ళీ కట్టాల్సొచ్చింది. పదమూడేళ్ళలో ఆ బెల్టు నా చేతిలోకి రావడం అదే మొదలు. రెండోసారి మాత్రం తొందరపడలేదు. నెమ్మదిగా కట్టాను.